కాల్చని రంగు

మా ఊరి పెద్ద చర్చిలో పడమటి కిటికీ నా మొగుడు హేమన్ చేసిందే. కడపటి తీర్పు బొమ్మ. నడుమ దేవుడు కూర్చుని ఉంటాడు. కింద సమాధులు పగిలి చచ్చినవాళ్లు లేస్తుంటారు. ఆయన కుడిచేతి వైపు వాళ్లు స్వర్గానికి, ఎడమచేతి వైపు వాళ్లు నరకం నోట్లోకి. అంతమందికి ముఖాలు ఎక్కణ్ణుంచి తెస్తాం? గాజుపనివాళ్లందరూ చేసేదే హేమనూ చేశాడు, ఊళ్లోవాళ్ల ముఖాలు వేశాడు. తూకంలో చేతివాటం చూపిస్తాడని రొట్టెల గాడ్విన్‌ని నరకంలో పెట్టాడు. ఊరంతా విరగబడి నవ్వింది. గాడ్విన్ కూడా నవ్వాడు.

ఆ ఎండాకాలం మహామారి వచ్చింది. ముందు పోయింది గాడ్విన్. ఆ తరవాత గంటలు కొట్టే థర్‌స్టన్. అతని ముఖమూ ఎడమవైపే ఉంది. దాంతో నవ్వులు ఆగిపోయాయి. జనం చర్చిలోకి వస్తూనే, సిలువ గుర్తైనా వేసుకోకుండా, మెడలెత్తి ఎడమవైపు వెతుక్కునేవాళ్లు. కుడివైపు వాళ్లు చావలేదా అంటే చచ్చారు. కానీ భయపడ్డవాడికి కుడివైపు కనిపించదు. నాకూ కనిపించలేదు.

కిటికీలో కింది వరస గాజు పలకలు బిగించకముందే హేమన్ చంకలో గడ్డ లేచింది. పాపాలు చెప్పుకోవడానికి ఫాదర్ కోసం కబురంపితే, ఆయన పొద్దున్నే పోయాడన్నారు. హేమన్ నా చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు చూస్తూనే ప్రాణం విడిచాడు. క్షమాపణ లేకుండా పోయిన మనిషి ఎక్కడికి వెళ్తాడో మా ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు.

మిగిలిన వరస బిగించింది ఉత్రెడ్. వయసు మళ్లినా హేమన్‌ని అన్నా అని, నన్ను వదినా అని పిలిచేవాడు, హేమన్‌తో కలిసి పరంజాల మీదే బతికినవాడు. ఆ వారంలోనే నా కూతురు ఇడొనీ జ్వరంతో మంచం పట్టింది. కొవ్వొత్తి వెలిగిద్దామని చర్చికి వెళ్లి తలెత్తాను.

ఇడొనీ ఎడమవైపు ఉంది. సమాధిలోంచి చేతులు జోడించి లేస్తున్న నా పిల్లని హేమన్ దేవుడి కుడివైపుకని గీశాడు. ఇప్పుడు పక్క పలకలోని దయ్యం కొక్కెం సరిగ్గా దాని మెడ దగ్గరికి వచ్చి ఉంది. కుడివైపు దాని చోట హేమన్ ముఖం ఉంది.

ఉత్రెడ్ పరంజా మీదే ఉన్నాడు. నిచ్చెన ఎలా ఎక్కానో నాకే తెలీదు.

"నా పిల్లని ఎక్కడ పెట్టావురా ఉత్రెడ్?"

"మెల్లిగా వదినా, పడతావు. పిల్లేంటి?"

"కళ్లు నెత్తికెక్కాయా? అటు చూడు!"

చూశాడు. ముసలి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నేను ముఖం చూళ్లేదు వదినా, కొలత చూశాను. రెండు పలకలూ ఒకటే కొలత. అన్న తనని తాను ఎడమవైపు వేసుకున్నాడు కదా. అక్కడైతే తెలిసినవాళ్లు ఎక్కువమంది ఉంటారని ఎగతాళి కూడా చేశాడు. ఫాదర్ లేకుండా పోయిన మనిషిని ఆ కొక్కెం కింద ఎలా బిగించను? చేతులు రాలేదు. కుడివైపు పెట్టేశాను."

తన్నాలనిపించింది. కాళ్లకి మొక్కాలని కూడా అనిపించింది.

"సరే, మళ్లీ మార్చేస్తాను," అన్నాడు. "నువ్వు ఊఁ అను చాలు. అన్నని ఇటు, పాపని అటు."

గుమ్మం వైపు చూస్తున్న హేమన్ కళ్లే గుర్తొచ్చాయి.

"చెప్పు వదినా. రేపు పరంజా విప్పేస్తారు. ఆదివారం బిషప్ గారు దీవించాక దాన్ని ముట్టుకోడానికి నేనెవణ్ణి?"

"వేరే ముఖం పెట్టు."

"ఎవరిది? గీసే చెయ్యి మట్టిలో కలిసింది. రంగు కాల్చే బట్టీ చల్లారిపోయింది. ఒకవేళ గీసినా అది ఎవరో ఒకరి బిడ్డ ముఖమే అవుతుంది కదా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. దిగి ఇంటికి వచ్చేశాను. ఇడొనీ ఒళ్లు కాలిపోతోంది. చంక తడిమాను. గడ్డ వచ్చేసింది.

పెళ్లైన నాటినుంచి హేమన్‌కి రంగు నూరింది నేనే. రాగి పొడి, గాజు పొడి ద్రాక్షసారాలో నూరి జిగురు కలిపాను. మర్నాడు మధ్యాహ్నం తాపీవాళ్లు తిండికి దిగినప్పుడు కుంచె పట్టుకుని పరంజా ఎక్కాను. ఇడొనీది అచ్చం నా పోలిక. పుట్టినప్పటినుంచీ అందరూ అదే మాట. నాకున్నది వయసు, దానికి లేనిదీ అదే. కాబట్టి గాజు మీద దాని కళ్ల కింద నా ముడతలు వేశాను. నోటి పక్కన గీతలు వేశాను. చివరికి గడ్డం మీద నా పుట్టుమచ్చ పెట్టాను. అంత దగ్గర్నుంచి చూస్తే దయ్యం కళ్లు నన్నే చూస్తున్నాయి.

"ఇది నేను," అన్నాను దానితో. "బాగా చూసుకో. పిల్ల కాదు, నేను."

పొద్దుగూకేలోపు పరంజా విప్పేశారు. ఆదివారం బిషప్ గారు పట్టుమని పదిమంది లేని చర్చిలో దీవించి వెళ్లారు. ఆ మరుసటి రోజే ఇడొనీ గడ్డ పగిలి జ్వరం జారింది. అంబలి అడిగింది. నేను గోడకి ఆనుకుని ఏడ్చాను. నా ఆత్మ ఎక్కడికి పోతుందో నాకు తెలుసు, అయినా ఆ రోజు నా అంత సుఖపడ్డవాళ్లు లేరు.

రంగు నూరినదాన్ని, నాకు తెలియంది కాదు. బట్టీలో కాలితేనే రంగు గాజులో కలుస్తుంది. కాలని రంగు తడి వేలు తగిలినా పోతుంది. అంత ఎత్తున వేలు ఎవరు పెడతారులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

చలి ముదిరాక సర్వపరిశుద్ధుల పండుగ వచ్చింది. బతికినవాళ్లందరూ చర్చికి వచ్చారు. బయట వాన. లోపల తడిసిన ఉన్ని బట్టలు, భుజానికి భుజం రాసుకుంటూ నిలబడ్డ జనం. పాట అందుకున్నారు. అందరి నోళ్లలోంచీ ఆవిరి లేచింది. మా గాజుకి రంగు లోపలివైపే వేస్తారు. ఆవిరి పట్టి గాజు చెమర్చడం మొదలైంది.

నేను చూస్తూనే ఉన్నాను. ఏం చెయ్యగలను? పాడొద్దని అరవనా, ఊపిరి తీయొద్దని అరవనా? కళ్ల కింది ముడతలు నల్లగా కరిగి చెంపల మీదికి జారాయి. తరవాత నోటి గీతలు. పుట్టుమచ్చ కాసేపు నిలిచి, అదీ జారిపోయింది.

"అమ్మా," ఇడొనీ నా గౌను అంచు లాగింది. "ఆ అమ్మాయి ఏడుస్తోంది చూడు."

"పాట పాడు."

"అమ్మా, అది నేనే కదూ?"

"కాదే పిచ్చిదానా. అది నేను."

అది మళ్లీ తలెత్తి చూసింది, తరవాత నా ముఖం చూసింది.

"నీకు పుట్టుమచ్చ ఉంది కదమ్మా. దానికి లేదు."

నేను దాని నుదుటి మీద చెయ్యి పెట్టాను. చల్లగానే ఉంది. చెయ్యి తీశాను. మళ్లీ పెట్టాను.