ఓబులమ్మ ఎత్తుకొచ్చిన ఉలి

నేను ఒక ఉలిని, అదీ సర్కారు ముద్ర ఉన్న ఉలిని. నన్ను దొంగిలించిన మనిషి పేరు పల్లపు ఓబులమ్మ. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

తెల్లదొరల ఏలుబడిలో వచ్చిన ధాత కరువు నాటి మాట. కడప సీమలో తిండిలేని జనం చేత గంజి పోసి రోడ్డు వేయించేవారు. రాతిపని తెలిసిన ఓబులమ్మ చేతికి నన్నిచ్చింది అక్కడే. రోజూ ఎవరో ఒకరు పోయేవారు. దారి పక్కనే పూడ్చేవారు. ఆమెకు అక్షరం రాదు. అయినా ఒక్కో సమాధి మీద ఒక్కో రాయి నాటి, నాతో ఆనవాలు చెక్కేది. కుమ్మరికి కుండ, గొర్రెల కాపరికి కర్ర. తన కొడుకు చెన్నయ్యకు మాత్రం చిన్న పాదం.

రోడ్డు కింద నీళ్లు పోయే మోరీకి రాయి చాలడం లేదని, ఆ సమాధి రాళ్లనే పగలగొట్టమన్నాడు ఓవర్సీరు. కాదంటే గంజి ఉండదన్నాడు.

"నీ గంజి ఆపుకో సామీ. నా బిడ్డ రాయి మీద నేను సుత్తి ఎత్తను."

అంతే. నన్ను రొంటిన దోపుకుని, మిగిలిన ఒక్క కూతురి చెయ్యి పట్టుకుని, పట్టపగలు అందరూ చూస్తుండగా నడిచిపోయింది.

ఆ తర్వాత నాలుగు తరాల చేతుల్లో రోళ్లు చెక్కాను, తిరగళ్లకు గంట్లు పెట్టాను. మనుషులు చిత్రమైనవాళ్లు. ఓబులమ్మ ఎందుకు వెళ్లిపోయిందో మరిచిపోయారు. 'దొంగ ఉలోళ్లు' అన్న ఎగతాళిని మాత్రం ఊరు భద్రంగా దాచుకుంది. ఇంట్లోవాళ్లు తలవంచుకుని నన్ను అటకెక్కించారు.

తండ్రి పోయాక అటక సర్దుతూ నన్ను దింపింది ఆ ఇంటి కూతురు సుగుణ, ప్రొద్దుటూరు బస్సు కండక్టరు. సంగతేమిటని చిన్నాయన గంగులును అడిగితే, బావిలో పారెయ్యమన్నాడు. ఆమె పారెయ్యలేదు. నా మీది సర్కారు ముద్ర చూసి, నన్ను సంచిలో వేసుకుని, సెలవు దొరికినప్పుడల్లా పాత రికార్డుల ఆఫీసుకు తిరిగింది. ఏడాదికి ఆ కరువు పనుల నాటి కాగితం దొరికింది. గుమాస్తా ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాడు: "పల్లపు ఓబులమ్మ. సమాధి రాళ్లు పగలగొట్టనని ఎదురుతిరిగి, సర్కారు ఉలితో పారిపోయిన దొంగ."

సుగుణ మళ్లీ చదవమంది. మూడోసారీ చదివించుకుంది. ఆ రాసిన దొర ఓబులమ్మ నేరం రాయబోయి ఆమె గొప్ప రాసిపెట్టాడు.

సీలు వేయించిన నకలు చూసి చిన్నాయన భయపడ్డాడు. దొంగ అని సర్కారే రాసిందని, చింపెయ్యమని బతిమాలాడు.

"చింపను చిన్నాయనా. మన పరువంతా దీంట్లోనే ఉండాది," అంటూ ఆమె గుమాస్తా చెప్పిన తెలుగులోనే మొత్తం వినిపించింది.

విన్నాక ఆయన నన్ను చేతిలోకి తీసుకుని, మొద్దుబారిన నా మొనను బొటనవేలితో తడిమాడు. సుగుణ ఆ కాగితానికి పటం కట్టించి లోపలి గదిలో మేకు కొట్టబోతే, అడ్డం వచ్చాడు.

"ఆడ వద్దు. వాకిలికి ఎదురుగా కొట్టు. వచ్చేటోళ్లకు ముందు అదే కనపడాల."