మా అత్తగారి పొగగది

మా లోయలో పొగగొట్టం తుడిచే మేస్త్రీని గుమ్మంలోంచి వెనక్కి పంపరు. పంపితే ఆ ఏడాదంతా ఇంటికి అచ్చిరాదని అందరికీ గట్టి నమ్మకం. మేస్త్రీ నల్లకోటు మీది ఇత్తడి గుండీ ముట్టుకుంటే అదృష్టమని పెళ్ళికూతుళ్ళు కూడా వరసలో నిలబడతారు. ఇరవై రెండేళ్ళుగా ఆ కోటు వేసుకునేది నేనే. ఇంతమందికి అదృష్టం పంచిపెట్టే ఈ ఫ్రీడొలిన్ మాత్రం ఇంట్లో నోరెత్తేవాడు కాదు. ఎందుకంటే ఆ ఇల్లు మా అత్తగారు అపొలోనియాది. నేను ఇల్లరికం వచ్చినవాణ్ణి.

గొడవ మొదలైంది మా ఇంట్లో కాదు, ఎదురింటి వాల్బుర్గమ్మ అటక మీద. ఇక్కడి పాత ఇళ్ళలో పొగగొట్టం అటక దగ్గరికొచ్చేసరికి కడుపు ఉబ్బినట్టు వెడల్పై చిన్న ఇటుకల గది అవుతుంది. ఇనప తలుపు తీసి, ఉప్పు పట్టించిన పంది తొడలు అందులో వేలాడదీస్తారు. కింద పొయ్యిలో దేవదారు కట్టెలు కాలుతూ ఉంటే పైన తొడలు నెమ్మదిగా నల్లబడతాయి. ఏటా చర్చి తిరునాళ్ళలో ఎవరి తొడ రుచిగా ఉందో పోటీ పెడతారు. నాలుగేళ్ళుగా వాల్బుర్గమ్మది మొదటి స్థానం. ఆ నాలుగేళ్ళూ మా అత్తగారిది రెండోది.

నేను వెళ్ళిన ప్రతిసారీ వాల్బుర్గమ్మ పొగగది తాళం చెవి కనబడకుండా పోయేది. ఈ సెప్టెంబరులో మాత్రం నేను వెళ్ళేసరికి తలుపు తెరిచే ఉంది, ఆవిడ అప్పుడే తొడలు తిప్పుతోంది. లాంతరు పెట్టి చూశాను. గోడల మీద మసి తారుగా మారి వేలెడు మందాన పేరుకుని అద్దంలా మెరుస్తోంది. ఒక్క నిప్పురవ్వ ఎగిరితే ఇల్లంతా అంటుకుంటుంది.

"వాల్బుర్గమ్మగారూ, ఇదంతా గీకెయ్యాలి. ఈ వారమే. తొడలు దించండి."

"గీకుతావా? అది మా అత్తగారి కాలం నాటి మసి. రుచంతా దాన్లోనే ఉంది. చెయ్యి వేశావంటే ఊరుకోను."

"రుచి సంగతి తర్వాత. ఇల్లు తగలబడితే తొడలేం తింటారు, బొగ్గులు తింటారు."

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. "సూటిగా చెప్పు, మీ అత్త పంపించిందా? గెలవడం చేతకాక అల్లుడికి బ్రష్షిచ్చి పంపిందా?"

"ఇది చట్టమమ్మా. అందరికీ ఒకటే."

"అందరికీనా? మరి మీ ఇంట్లో గీకావా?"

నేను నీళ్ళు నమిలాను. ఎందుకు నమిలానో చెప్పకపోతే కథ ముందుకు పోదు. రెండోసారి ఓడిపోయిన ఏడాది మా అత్తగారు బాగా ఆలోచించి, గెలిచేది వాల్బుర్గ కాదు, ఆవిడ గోడల మీది మసి అని తేల్చింది. ఆ రోజే మా పొగగది తాళం చెవి ఆవిడ ఏప్రన్ జేబులోకి వెళ్ళింది. మూడేళ్ళుగా నేను మా ఇంటి పొగగది ముట్టుకోలేదు. తనిఖీ కాగితం మీద మాత్రం "శుభ్రం చేశాను" అని రాసి సంతకం పెట్టాను. ఊళ్ళో అందరి దగ్గరా పులినైన నేను ఆ సంతకం దగ్గర పిల్లినైపోయాను.

"మీ అత్తే చెప్పింది," అంది వాల్బుర్గమ్మ. "చర్చిలో పాట సాధన చేస్తున్నప్పుడు నా చెవిలో, 'నాదీ మూడేళ్ళ మసే, ఈసారి చూసుకో' అంది. ముందు మీ ఇల్లు గీకి రా. ఆ రోజు నా తలుపు తీస్తాను. ఈలోగా నా మీద రాశావో, నేనూ పై ఆఫీసుకి ఉత్తరం రాస్తాను. ఆ కోటు నీ ఒంటి మీద ఉంటుందో ఊడుతుందో చూద్దాం."

ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. కోటు పోతే నేను ఉత్త ఇల్లరికపుటల్లుణ్ణి. కోటు కాపాడుకుందామని ఊరుకుంటే ఆవిడ ఇల్లు ఏ రోజైనా మండుతుంది.

రాత్రి భోజనాల దగ్గర ధైర్యం చేశాను. "అత్తయ్యా, ఆ పొగగది తాళం చెవి..."

"బంగాళదుంపలు చల్లారిపోతున్నాయి. తిను," అంది అత్తగారు.

మా ఆవిడ జీగ్లిండ వైపు చూశాను. "నన్ను మధ్యలోకి లాగకు," అంది తను. మాట మార్చడానికన్నట్టు, "ఈమధ్య మన మంచం పక్క గోడ భలే వెచ్చగా ఉంటోందమ్మా. దుప్పటే అక్కర్లేదు," అని కూడా అంది.

మర్నాడు పొద్దున్నే ఒక పని చేశాను. మా వృత్తిలో ఏ ఇంటికి ఎప్పుడొస్తామో ముందుగా తలుపు మీద కాగితం అంటిస్తాం. అలాంటిదే ఒకటి తీసి, మా ఇంటి తలుపు మీద నేనే అంటించాను. గురువారం, ఉదయం ఎనిమిది.

అత్తగారు దాన్ని అక్షరం వదలకుండా చదివింది. భోజనం దగ్గర నాతోనే అంది: "గురువారం ఎవడో మసివాడు వస్తాడట. నేను ఇంట్లో లేనని చెప్పు."

"గురువారం నాకు పనుందత్తయ్యా. మీరే చెప్పుకోండి."

గురువారం పెరటి తలుపులోంచి బయటికొచ్చి, పశువుల కొట్టంలో కోటు తొడుక్కున్నాను. పొడుగు టోపీ పెట్టుకున్నాను. ఆవు నన్ను ఎగాదిగా చూసింది. ఇంటి చుట్టూ తిరిగి వీధి గుమ్మం ముందుకొచ్చి, పద్దెనిమిదేళ్ళుగా నేను కాపురముంటున్న ఇంటి గంట కొట్టాను. ఎదురింటి కిటికీలో తెర కదిలింది. వాల్బుర్గమ్మ చూస్తోంది.

అత్తగారు తలుపు తీసింది. నా బూట్లు చూసింది, టోపీ చూసింది, తలుపు సగం మూసింది. కానీ డెబ్బై ఆరేళ్ళ బతుకులో ఆవిడ ఏ మేస్త్రీనీ గుమ్మంలోంచి వెనక్కి పంపలేదు. వేలు చాపి నా రెండో గుండీని ముట్టుకుంది.

"రండి మేస్త్రీగారూ. బూట్లు తుడుచుకుని రండి."

ఆవిడ నోట నాకు "రండి" అన్న మాట రావడం అదే మొదలు. కాఫీ వచ్చింది. రేగుపళ్ళ కేకు వచ్చింది. పండక్కి కూడా అల్లుడికి చూపించని సారా సీసా బీరువాలోంచి దిగింది. మేస్త్రీ బతుకే హాయిగా ఉందనుకున్నాను.

"మా అల్లుడూ మీ పనే చేస్తాడండీ," అంది గ్లాసు నింపుతూ.

"అలాగా అండీ? బాగా చేస్తారా?"

"ఊళ్ళో బాగానే చేస్తాడంటారు. ఇంట్లో మూడేళ్ళుగా పొగగది ముట్టుకోలేదు. ముట్టుకున్నానని రాసుకుంటాడు."

"మీరు వద్దన్నారేమోనండీ?"

"అన్నాను. నేను ముసలిదాన్ని, పోటీ పిచ్చి పట్టింది, వద్దంటాను. వినడానికి అతనికి సిగ్గుండక్కర్లేదూ? నిజమైన మేస్త్రీ అయితే వింటాడా? మీరు చెప్పండి."

నా చెవులు కాలిపోయాయి. సారా వల్ల కాదు. "వినడండీ," అన్నాను. ఆవిడ జేబులోంచి తాళం చెవి తీసి కేకు పళ్ళెం పక్కన పెట్టింది.

పొయ్యి చల్లార్చి, ఆరు తొడలూ దించి నేలమాళిగకి చేర్చి, గీకుడు మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి నాలుగు బకెట్ల తారు దిగింది. వెనకగోడ గీకుతుంటే ఒక ఇటుక కదిలింది. దాని చుట్టూ సున్నం రాలిపోయి ఉంది. ఇటుక లాగి లాంతరు పెట్టాను. లోపలి దూలం నల్లగా బొగ్గై ఉంది. ఆ దూలానికి అవతలే, అటకని ఆనుకున్న గదిలో మా మంచం. గోడ వెచ్చగా ఉందని దగ్గరికి జరుపుకుని మరీ పడుకున్న మంచం.

ఏళ్ళ తరబడి ఊరందరినీ భయపెట్టినవాణ్ణి, ఆ క్షణంలో నిజంగా భయపడింది నేనే. అత్తగారిని పిలిచాను. ఆవిడ వంగి, దూలాన్ని తడిమి, నల్లబడిన వేళ్ళు చూసుకుంది.

"జీగ్లిండ పడుకునేది ఈ పక్కనే," అంది.

"అవునండీ."

"అతనూ ఇక్కడే."

"అవునండీ."

దూలం నుంచి చిన్న బొగ్గుముక్క విరిచి చేతిరుమాల్లో కట్టుకుంది. శాలువా కప్పుకుని కిందికి దిగింది. అటక కిటికీలోంచి చూశాను. నాలుగేళ్ళుగా పాటలో, దెప్పిపొడుపుల్లో తప్ప గొంతు కలపని ఆ ఇద్దరూ వీధి మధ్యలో నిలబడ్డారు. అత్తగారు రుమాలు విప్పి చూపించింది. వాల్బుర్గమ్మ బొగ్గుని చూసింది, తన ఇంటి కప్పు వైపు చూసింది, తర్వాత నా కిటికీ వైపు తలెత్తి చేత్తో పిలిచింది. మా ఇంటి గీకుడు ముగించి వెళ్ళేసరికి ఆవిడ తలుపు బార్లా తెరిచి ఉంది, తొడలన్నీ అప్పటికే వంటింటి బల్ల మీదికి చేరాయి.

సాయంత్రం రెండిళ్ళ మసీ వదిలించుకుని, పెరటి తలుపులోంచి మామూలు చొక్కాతో ఇంట్లోకి వచ్చాను. అత్తగారు తొడ కోస్తోంది.

"ఇవాళ మేస్త్రీ వచ్చాడల్లుడూ."

"అలాగా అత్తయ్యా?"

"మంచి పనివాడు. చూసి నేర్చుకో."

మొదటి ముక్క నా పళ్ళెంలో వేసింది. దాని పక్కనే తాళం చెవి పెట్టింది.

"ఇది నీ దగ్గర ఉంచు," అంది, నా వైపు చూడకుండా. "ఆ మేస్త్రీ వస్తే ఇవ్వు. నేనడిగితే మాత్రం ఇవ్వకు."