ఊపిరి తీసేసిన పాట

టేపు కీబోర్డును ట్రాలీ ఆటో ఎక్కించేటప్పుడు జానమ్మ కూడా ఒక చెయ్యి వేసింది. దాన్ని మిర్యాలగూడ నుంచి కోదాడకు తీసుకుపోవడమంటే ఆమె భర్త ఏసుపాదానికి పెళ్ళికి పోతున్నంత సంబరంగా ఉంది. కోదాడలో సంగీత వాద్యాల దుకాణం నడిపే సాయికుమార్ పిలిచాడు. ఈ పాత కీబోర్డునూ, దాన్ని అనుకరిస్తూ తను కంప్యూటర్లో తయారుచేసిన కొత్తదాన్నీ పక్కపక్కన వాయించి, ఏది ఎట్లా పలుకుతుందో వీడియో తీస్తాడట.

మద్రాసులో మూతపడిన ఒక రికార్డింగ్ స్టూడియోలో ఏసుపాదం మెకానిక్‌గా చేశాడు. ముప్పై ఏళ్ళ కింద ఈ చెక్కపెట్టె కీబోర్డును అక్కడి నుంచే లారీలో వేసుకొచ్చాడు. దాంట్లో ముప్పై అయిదు మెట్లు. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క. మెట్టు నొక్కితే టేపు కదిలి, దాని మీదున్న గొంతు పలుకుతుంది. ఎనిమిది సెకన్లకు టేపు అయిపోతుంది. ఆ తర్వాత ఎంత నొక్కిపట్టినా పలకదు. అప్పట్లో పాత టేపులు బూజుపట్టి ఉంటే, ఏసుపాదం కొత్త టేపుల మీద భార్య గొంతు నింపాడు. ఇంటి పక్క రైస్ మిల్లు ఆగే ఆదివారాలు చూసుకుని, మూడు వారాలు ఆమె చేత ఒక్కొక్క స్వరం పాడించాడు. అప్పటి నుంచి వాళ్ళ చర్చిలో ప్రతి ఆరాధనకూ అదే మోగుతున్నది.

దుకాణంలో నల్లగుడ్డ పరదా కట్టి, లైట్లు పెట్టారు. సూర్యాపేట నుంచి ఆర్కెస్ట్రావాళ్ళు నలుగురు వచ్చారు. ముందు ఏసుపాదం వాయించాడు. టేపు కదిలేటప్పుడు చిన్న గరగర. స్వరానికి ముందు ఎవరో ఊపిరి పీల్చుకున్న చప్పుడు. తర్వాత కొంచెం వణుకుతూ ఆడమనిషి గొంతు.

"శృతి జర ఊగుతున్నది," అన్నాడు ఆర్కెస్ట్రావాళ్ళలో ఒకాయన.

తర్వాత సాయికుమార్ తన కొత్త కీబోర్డు మీద అదే పాట వాయించాడు. గరగర లేదు, వణుకు లేదు. ఒక మెట్టు నొక్కిపట్టి, మాట్లాడుకుంటూ నీళ్ళు తాగాడు. స్వరం ఆగలేదు. ఆర్కెస్ట్రావాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళలో పాడే పిల్ల రచన మాత్రం కొట్టలేదు.

"పాతదాంట్ల ఎవరో ఉన్నట్టున్నది సార్," అన్నది రచన.

మూల కుర్చీలో కూర్చున్న జానమ్మ లేచింది. కొత్తదాంట్లో ఒక స్వరం కాస్త ముక్కుతో పలికింది. ఆ స్వరం పాడిన వారం తనకు జలుబు.

"గిది నా గొంతు గదా," అన్నది.

"మీదేనమ్మా," సాయికుమార్ సంతోషంగా చెప్పాడు. "రెండేళ్ళ క్రితం మీ ఇంటికొచ్చి అన్ని టేపులూ రికార్డు చేసుకున్నాను. అంకుల్ చేసుకోమన్నారు. ఇప్పుడు బ్యాండ్లవాళ్ళు చాలామంది ఇదే వాడుతున్నారండి. పల్లె కోరస్ అని పేరు పెట్టాను."

రెండేళ్ళ కింద ఆమె వాడపల్లిలో చెల్లెలింట్లో నాలుగు రోజులున్నది. ఇంటికొచ్చాక ఏసుపాదం ఏమీ చెప్పలేదు.

"మరి ఊపిరేది?"

"అది నాయిస్ అమ్మా. మొత్తం తీసేశాను. నాలుగు నెలలు కూర్చున్నానండి దాని మీద."

జానమ్మ గొంతు పెంచలేదు. "గప్పుడు నాకు ఏడో నెల. స్వరం పట్టాలంటే ఊపిరి సాలకపోయేది. ఆగి పీల్చుకొని పాడిన. నెల తిరిగినంక దవాఖానల బిడ్డ సచ్చి పుట్టింది. దానికి ఫోటో లేదు, పేరు లేదు. గా ఊపిరి నా ఒక్కదానిది కాదు. నువ్వు దాన్ని సెత్త లెక్క ఊడ్సేసినవ్."

ఆమె భర్త వైపు తిరిగింది.

"నన్నడిగినవా?"

"పిలగాడు నేర్సుకుంటడు గదా అనుకున్న. ఊపిరి తీసేస్తడని నాకేం తెలుసు?"

"తీసినంక విన్నవా?"

ఏసుపాదం తల దించుకున్నాడు. "నిరుడే విన్న."

"ఇని ఊకున్నవ్. ప్రతి ఆదివారం నేను ముంగటి వరుసల ఎందుకు కూసుంటున్ననో ముప్పై ఏండ్లల ఒక్కనాడన్న సోంచాయించినవా?"

సాయికుమార్ కొత్త కీబోర్డు స్విచ్ ఆపేశాడు. "నాకు తెలియదమ్మా. పేరు మారుస్తాను. మీ పేరే పెడతాను."

"నేను లేనిదానికి నా పేరెందుకు? తీసెయ్."

"నా దగ్గర తీసేస్తానండి. ఇప్పటికే కొన్నవాళ్ళ దగ్గర నుంచి తేలేను."

ఆ మాటతో ఆమెకు కోపం ఇంకా పెరిగింది. చెక్కపెట్టె దగ్గరికి పోయి పైమూత ఎత్తింది. దాన్ని తుడిచి, టేపులు సర్దడంలో ఇన్నేళ్ళూ భర్తకు సాయం చేసిన మనిషి. మరలు ఎక్కడున్నాయో తెలుసు. ముప్పై అయిదు టేపులూ బిగించి ఉన్న ఇనుప చట్రాన్ని బయటికి లాగింది. ఏసుపాదం ఆపడానికి ఒక అడుగు వేసి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. పరదాగా కట్టిన నల్లగుడ్డ ఊడదీసి, చట్రానికి చుట్టి, ఆమె నడిచి బస్టాండుకు పోయింది. హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కింద పెట్టమని కండక్టర్ రెండుసార్లు చెప్పినా పెట్టలేదు.

ఏసుపాదం సాయంత్రం ఉత్త పెట్టెతో ఇల్లు చేరాడు. ఆమె అన్నం పెట్టి, అవతలికి పోయింది. పది రోజులకు సాయికుమార్ ఫోన్ చేసి, తన దగ్గర అంతా తీసేశానని, తప్పయిందని చెప్పాడు. "మంచిది," అని పెట్టేసింది. కోపం మాత్రం పోలేదు. తర్వాతి నెల మాడుగులపల్లిలో ఒక పెళ్ళికి పోతే, బ్యాండువాళ్ళ స్పీకర్లలోంచి ఊపిరి లేని తన గొంతు ఆగకుండా వచ్చింది. సగం తిన్న విస్తరి ముందునుంచి లేచి బయటికి నడిచింది.

చర్చిలో క్రిస్మస్ పాటలు నేర్చుకోవడం మొదలైంది. ఏసుపాదం రెండు రోజులు తటపటాయించి, మూడో రోజు వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"టేపులు మళ్ళ మిషిన్ల పెట్టనా?"

ఆ గొంతు గురించి అతను ఆమెను అడగడం అదే మొదటిసారి.

జానమ్మ కూర కలుపుతున్న గరిటె ఆపింది. "వద్దు," అన్నది.

"సరే," అన్నాడు ఏసుపాదం. ఇన్నేళ్ళూ మూలనపడి ఉన్న హార్మోనియం భుజానికెత్తుకుని, ఒక్కడే చర్చికి పోయాడు.