కార్డు వెనకవైపు

“ముందువైపు కాదమ్మా, వెనక్కి తిప్పండి,” అంది వెర్నా థిబోడో ఫోన్లో. ఆ ఉదయం ఆ మాట అనడం తొమ్మిదోసారి.

అమెరికాలోని మెయిన్ రాష్ట్ర బీమా కార్యాలయంలో ఇరవై ఏడేళ్లుగా ఆమె పని ఇదే. పొట్టి మనిషి, కణుపులు ఉబ్బిన వేళ్లు, ఫోను ఒరిపిడికి ఎర్రబడ్డ ఎడమ చెవి. జనం బీమా కార్డు మీద పెద్దగా వేసిన కంపెనీ పేరే చూస్తారు. పాలసీకి పూచీ ఆ కంపెనీదే అయితే రాష్ట్రం చెప్పిన వైద్యాలన్నీ ఇచ్చి తీరాలి. పనిచేసే చోటి యజమానే ఖర్చు భరిస్తూ, కంపెనీతో కాగితాల పని మాత్రం చేయించుకుంటే రాష్ట్రం మాట చెల్లదు. ఆ తేడా వెనకవైపు చీమతలకాయల్లాంటి అక్షరాల్లో ఉంటుంది.

“మా ఆయన పడవల షెడ్డులో పనిచేస్తాడు,” అంది అవతలినుంచి డార్సీ అనే ఆమె. “పాపకి ఆరేళ్లు. రెండు చెవులకీ మిషన్లు పెట్టాలన్నారు. ఖర్చు షెడ్డు ఓనరుదే, రాష్ట్రం రూలు మీకు లేదు పొమ్మంది కంపెనీ. వచ్చే నెలే బడి. టీచరు మాట దానికెలా వినబడుద్దండీ?”

“అట్టడుగు లైను చదవండి.”

“ఉండండి, కళ్లద్దాలు... ‘పూచీ ఈ కంపెనీదే’.”

వెర్నా నిటారుగా కూర్చుంది. “ఇంకోసారి చదవమ్మా.”

తర్వాత ఆమె కంపెనీకి ఫోన్ చేసింది. లైన్లో ఆగమని వాళ్లు వినిపించిన సంగీతం వింటూ బీన్సు పెట్టిన రొట్టె తినేసింది.

“మా కంప్యూటర్లో వేరేగా ఉంది మేడమ్,” అన్నాడు గుమస్తా.

“కంప్యూటర్ని వదిలెయ్యి నాయనా, పాలసీ తియ్యి. నేనాగుతా.”

మూడింటికి ఒప్పుకున్నాడు. షెడ్డువాళ్లు జనవరిలోనే పాలసీ మార్చుకున్నారు, కంప్యూటర్లో పాత వివరం అలాగే ఉండిపోయింది. మిషన్లు ఇస్తామని ఉత్తరం పంపాడు.

“ఉద్యోగంలో ఆఖరిరోజు కూడా వాడి ప్రాణం తోడేశావా ముసలీ?” అన్నాడు పక్క బల్ల హాలిస్.

“ఇంకా రెండు గంటలుంది. తర్వాత నీ వంతే.”

విషయం చెబితే డార్సీ ముక్కు చీదుకుని, “కంపెనీ ఒప్పుకుంటే సోమవారమే మిషన్లు పెడతామన్నారు డాక్టరుగారు. అదేమందో ఫోన్ చేసి మీకే చెప్తా. ఉంటారుగా?” అంది.

“చెయ్యమ్మా,” అంది వెర్నా. ఉండనని చెప్పడానికి నోరు రాలేదు.

ఐదింటికి కేకు ముక్క తిని, చేతులు తుడుచుకుని, రోజూలాగే “వస్తా” అని హాలిస్‌తో చెప్పి మెట్లు దిగింది. బయట ఇంకా ఎండ ఉంది. హాయిగా అనిపించింది.

సోమవారం పొద్దున ఆ బల్ల దగ్గర ఎవరూ లేరు. ఫోను మీద ఒక పసుప్పచ్చ చీటీ అంటించి ఉంది: ‘హాలిస్, డార్సీ ఫోన్ చేస్తుంది. తొందరపెట్టకు. పాప మొదట ఏ చప్పుడు విన్నదో అడుగు.’