మూడో వంతు నీళ్లు

పాలు తీసే పంపుకు ఏడు ముక్కలుంటాయి. పొద్దున ఐదున్నరకు లేచి నేను మొదట చేసే పని వాటిని విడదీసి కడగడం. గరాటు, వాల్వు, పల్చటి రబ్బరు మూత, ఇలా ఒక్కొక్కటీ మరిగిన నీళ్లలో వేసి తీసి, శుభ్రమైన గుడ్డ మీద బోర్లించాలి. ఒక్క ముక్క సరిగ్గా కూర్చోకపోయినా పంపు గాలి పీలుస్తుంది తప్ప పాలు రావు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతూ చూసేవారు. "దేవుడు రెండిచ్చాడు. చాలక ఏడు ముక్కలు కొనుక్కుంది," అనేవారు, ఎవరితోనో అంటున్నట్టు. మా ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే నవ్వేవాడు. ఉద్యోగానికి ఆలస్యమవుతుందని నేను ఆ నవ్వును పట్టించుకునేదాన్ని కాదు.

నేను డైరీలో పాలు పరీక్ష చేస్తాను. క్యాన్లలో వచ్చిన పాలలో వెన్న ఎంత, నీళ్లెన్ని, చక్కెరో పిండో కలిపారా అని చూసి, మంచివైతే లోపలికి, కాకపోతే వెనక్కి పంపడం నా పని. పదకొండేళ్లుగా అదే చేస్తున్నాను. ప్రసవం సెలవు ఆరు నెలలూ అయిపోయి తిరిగి చేరిన రోజున, పాపకు పాలు తీసుకోవడానికి కాస్త చోటు కావాలని ల్యాబ్ ఇన్‌చార్జిని అడిగాను. ఆయన కాసేపు నా ముఖమూ, కాసేపు ముఖం కాని చోటూ చూసి, "ఇన్నాళ్లూ బయటనుంచే కొంటున్నాం. ఇక స్టాఫే సప్లై చేస్తారన్నమాట," అన్నాడు. గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

చివరికి యాసిడ్ క్యాన్లు పెట్టుకునే స్టోరు గది చూపించారు. దాని గడియ పడదు. తలుపుకు వీపు ఆనించి, ఒక కాలు అడ్డం పెట్టి, నిలబడే తీసుకునేదాన్ని, పదింటికి ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి. ఎవరైనా తలుపు తోస్తే పాలు చేతి మీద ఒలికేవి. ఒలికిన ఆ రెండు చెంచాల కోసం నేను ఏడ్చిన రోజులున్నాయంటే ఎవరూ నమ్మరు. సీసా మీద తేదీ, సమయం రాసి కాగితం అంటించి శాంపిళ్ల ఫ్రిజ్‌లో ఒక మూల పెట్టేదాన్ని. ఒకరోజు నా రాత కింద ఎవరో "ఫ్యాట్ ఎంత?" అని రాశారు. ఆ చేతిరాత నాకు తెలుసు. పదకొండేళ్లుగా పక్క బల్ల మీద పనిచేస్తున్న మనిషిది.

ఇంత అవస్థా ఎందుకంటే, పాపకు ఇంకో ఆరు నెలలైనా నా పాలే ఇవ్వాలని పట్టుబట్టాను. క్రెష్‌లో ఉన్నంతసేపు సీసాలో, ఇంటికొచ్చాక నా ఒళ్లో. మూడున్నరకు డ్యూటీ దిగి, క్రెష్ నుంచి పాపను తీసుకుని, పాలసీసాలు ఇంటి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. వాటి పక్కనే డైరీవాళ్లు సిబ్బందికి రోజూ ఉచితంగా ఇచ్చే పాల ప్యాకెట్ కూడా. పొద్దున ఏడింటికల్లా నేను డైరీలో ఉండాలి కాబట్టి, పాప సంచి సర్దడం అత్తగారి వంతు, దింపి రావడం మా ఆయన వంతు. ఈ రెండు పనులూ ఒప్పుకున్నందుకు నేను ఇద్దరికీ ఎంత కృతజ్ఞతగా ఉండేదాన్నో చెప్పలేను. బయట ఎవరైనా అడిగితే, "మా అత్తగారే చూసుకుంటారండీ, ఆయన కూడా బాగా సాయం చేస్తారు," అని చెప్పుకునేదాన్ని.

క్రెష్‌లో వేసిన రెండు వారాలకు పాప విరేచనంలో ఎర్రటి జీర కనిపించింది. ముగ్గురం డాక్టరమ్మ దగ్గరకు పరిగెత్తాం. "పైపాలు ఏమన్నా పడుతున్నారా?" అని అడిగిందావిడ. లేదన్నాను. "లేదమ్మా, తల్లిపాలే," అన్నారు అత్తగారు, పాప తల నిమురుతూ. మా ఆయన గోడ మీద బరువుల పట్టిక చదువుకుంటున్నాడు. అయితే తల్లి తినేదేదో పాలగుండా వెళ్లి పిల్లకు పడటం లేదని డాక్టరమ్మ తేల్చింది. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు, పప్పులు నన్ను పూర్తిగా మానెయ్యమంది.

మానేశాను. ఐదు వారాలు ఉడకబెట్టిన దుంపలు, ఉప్పు, నాలుగు కూరముక్కలు. రోజంతా పాల మధ్య పనిచేసి, టీ చుక్క ముట్టకుండా ఇంటికి వచ్చేదాన్ని. బస్సులో నిలబడితే కళ్లు తిరిగేవి. జుట్టు చేతికి వచ్చేది. నా ఎదురుగానే మా ఆయన పెరుగు గిన్నె గీకి గీకి తినేవాడు. "పాపం, నీకు కష్టంగా ఉందేమో," అని ఒకసారి అన్నాడు కూడా. జీర మాత్రం ఆగలేదు. ఇంకా నేనేం తింటున్నానని నన్ను నేనే నిలదీసుకునేదాన్ని. దుంపలు కూడా తగ్గించాను. నా ఒంట్లోంచే నా బిడ్డకు విషం పోతోందనుకుంటూ బతకడం ఎలా ఉంటుందో, ఆ ఇంట్లో మిగతా ఇద్దరికీ ఒక్క పూటైనా తెలిస్తే బాగుండేది.

అంతకంటే పెద్ద దెబ్బ పాప కొట్టింది. సాయంత్రం ఒళ్లోకి తీసుకుంటే ఇదివరకు తలతో కుమ్ముతూ వెతుక్కునేది. ఇప్పుడు రెండు గుక్కలు తాగి, ముఖం చిట్లించి, నా రొమ్ము మీద అరచేయి పెట్టి తోసేసేది. "చూశావా, దానికే తెలుసు," అనేవారు అత్తగారు. "పాలలో పస లేదు. పిండి పిండి యంత్రానికి పోశావు, ఇక బిడ్డకేం మిగులుతుంది?" మా ఆయన ఇంకొంచెం మెత్తగా అన్నాడు. "మానేస్తే అందరికీ హాయి కదా. నువ్వేదో ఘనకార్యం చేస్తున్నాననుకుంటున్నావు గానీ, పిల్ల ఇబ్బంది పడుతోంది." పిల్లే వద్దంటోంది కదా అనిపించేది.

క్రెష్‌లో సీసాలు కడిగి పంపుతారు. ఒక గురువారం వాళ్లకు నీళ్లు రాలేదట. "ఇవాళ కడక్కుండా అలాగే సంచిలో పెట్టేశానమ్మా," అని అక్కడి ఆయా చెప్పింది. పాప నిద్రపోతుంటే మూత తిప్పాను. అడుగున రెండు వేళ్ల ఎత్తు పాలు మిగిలి ఉన్నాయి. సీసా మెడకు మీగడ తరక అతుక్కుని ఉంది.

తల్లిపాలను ఎవరూ కాచరు. కాచని పాలకు తరక కట్టదు. నేను వాసన చూశాను. కాచిన పాల వాసన. పదకొండేళ్లుగా నా ముక్కు చేస్తున్న పని అదే, పొరబడే అవకాశం లేదు. నాలుక మీద ఒక చుక్క వేసుకుంటే తియ్యగా తగిలింది. సీసాకు మూత బిగించి, చుట్టూ ఐసు ముక్కలు పెట్టి నా బ్యాగులో దాచుకున్నాను. అత్తగారు నా దుంపలు ఉడికాయో లేదో పుల్లతో గుచ్చి చూశారు. "ఇంకో రెండు నిమిషాలుంచు," అన్నారు, ప్రేమగానే.

మర్నాడు పదింటికి స్టోరు గదిలో తీసిన నా పాలు ఒక గొట్టంలో, సీసాలోవి ఒక గొట్టంలో పోసి పక్కపక్కన పెట్టాను. చక్కెర పరీక్షలో కల్తీ ఉంటే పాలు ఎర్రబడతాయి. నావి మారలేదు. సీసాలోవి నిమిషంలో ఎర్రగా తిరిగాయి. మెషిన్లో పెడితే ప్రొటీన్ నా పాలకు రెట్టింపు. మూడో వంతు నీళ్లు. ఆ నీళ్లు తీసేసి లెక్క చూస్తే మిగిలింది మా డైరీ ప్యాకెట్ పాలే, దాని మీద రాసే వెన్న శాతంతో సహా. అంటే రోజూ సాయంత్రం నేనే నా చేతులతో మోసుకొచ్చి ఫ్రిజ్‌లో పెట్టినవి. పక్క బల్ల మనిషి తొంగిచూసి, "ఎవరి శాంపిల్? రిజెక్టేనా?" అన్నాడు. "మా ఇంటిది," అన్నాను. జోకనుకుని నవ్వాడు.

ఆ సాయంత్రం వంటింట్లో ఇద్దరినీ నిలబెట్టి అడిగాను. అత్తగారు బుకాయించలేదు. అసలు తప్పు చేసినట్టే లేరు.

"అవును, పారబోశా. మొదటిరోజు నుంచీ సింకులోనే పోస్తున్నా. యాసిడ్ డబ్బాల మధ్య నిలబడి పిండిన పాలు, ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినవి, నా మనవరాలికి పట్టమంటావా? వీడు ఆవుపాలతోనే పెరిగాడు. ఏమైంది వీడికి?"

"చక్కెరెందుకు వేశారు?"

"తాగకపోతే ఏం చెయ్యను మరి."

"నీళ్లు?"

ఆవిడ కొడుకు వైపు చూశారు. నాకు అప్పుడు అర్థమైంది. నా పాలు పల్చగా ఉంటాయి, ప్యాకెట్ పాలు చిక్కగా ఉంటే నేను పట్టేస్తాను. మా అత్తగారికి ఆ ఆలోచన రాదు. పాలు చూసి చెప్పే ఉద్యోగమని తెలిసినవాడికే వస్తుంది.

"నువ్వు గొడవ చేస్తావనే," అన్నాడు మా ఆయన. "ఒక్క నెల గడిస్తే నీకే పాలు ఆగిపోతాయి, అంతటితో సరిపోతుందనుకున్నాం."

"ఐదు వారాలు నేను దుంపలూ ఉప్పూ తిన్నాను. మీరు ఎదురుగా కూర్చుని చూశారు."

"నిన్ను తినొద్దన్నది డాక్టరు. నేను కాదుగా." మాట కలపడానికన్నట్టు, "పైగా కొంచెం సన్నబడ్డావు కూడా," అన్నాడు.

మనిషి మీద ప్రేమ విరిగిపోవడానికి పెద్ద పెద్ద కారణాలు కావాలనుకునేదాన్ని. అక్కర్లేదు. ఆ మాట విన్నాక నేను దుంపల గిన్నె దించి, పొయ్యి కట్టేసి, ఇన్ని రోజుల తర్వాత గిన్నెడు పెరుగు తిన్నాను. అత్తగారు, "చూడు, ఎంత మొండితనమో," అన్నారు.

శనివారం డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాల్సిన రోజు. కారులో మా ఆయన ముందే చెప్పాడు. "ఈ సంగతి అక్కడ ఎత్తకు. అమ్మ తలెత్తుకోలేదు. ఇక మాన్పిస్తానన్నాను కదా." పాప బరువు చూసి డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది. నాలుగు వందల గ్రాములు తగ్గింది. "జీర ఇంకా పోలేదా? మీరు పాలు, గుడ్లు పూర్తిగా మానేశారా?" అని నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "అదే మేడమ్, ఇంట్లో ఎంత జాగ్రత్తగా ఉన్నా, ఆఫీసులో ఏం తింటోందో మనకు తెలీదు కదా. నోరు కట్టుకోవడం కాస్త కష్టమే పాపం." అని నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఎంత ధీమా అంటే, నేను ఊరుకుంటానని అంత ధీమా. ఏడేళ్ల కాపురంలో ఆ ధీమా ఇచ్చింది నేనే. ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాను.

"పాపకు నా పాలు పట్టడం లేదు డాక్టరుగారూ. క్రెష్‌కి వెళ్లిన మొదటిరోజు నుంచీ రోజూ ఆవుపాలు పడుతున్నారు. అందులో మూడో వంతు నీళ్లు, చక్కెర. నా పాలు సింకులో పోశారు. నాకు తెలిసి రెండు రోజులైంది. ఈయనకు ఏడు వారాలనుంచీ తెలుసు. ఆవేళ మీరు అడిగినప్పుడు కూడా తెలుసు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి ఆయన వైపు చూసింది. "మీరు చదువుకున్నవాళ్లేనా?" అంది. ఆయన గోడ మీద పట్టిక వైపు తిరిగాడు. ఆవిడ నాకు చెప్పాల్సినవి చెప్పింది. ఆవుపాలు, వాటితో చేసినవి పాపకు అంటనీయకూడదు, రక్తం పరీక్ష చేయించాలి, బరువు కోసం నాలుగు రోజులకోసారి తీసుకురావాలి, నేను కూడా ఇంకొన్నాళ్లు పాలు పెరుగు ముట్టకూడదు. పెరుగు తిన్నానని చెప్పి ఏడ్చాను. "ఒక్క గిన్నెకేం కాదు," అంది. ఇంకా నా పాలు పట్టొచ్చా అని అడిగాను. "తాగితే అంతకంటే మందు లేదు. తీపి మరిగింది కాబట్టి ముందు వద్దంటుంది. ఓపిక పట్టాలి," అంది.

బయట వరండాలో చివరి బెంచీ మీద కూర్చుని, జాకెట్టు హుక్కులు తీసి, పాపను దగ్గరకు తీసుకున్నాను. అది నోరు పెట్టి, చప్పగా తగిలి, తల వెనక్కి విరిచి ఏడుపు లంకించుకుంది. మళ్లీ పెట్టాను. మళ్లీ తోసింది. బెంచీల మీదివాళ్లు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. కారు తీసిపెట్టి వచ్చిన మా ఆయన నా ముందు నిలబడి, గొంతు తగ్గించి, "అందరిముందూ ఏంటిది? పద, ఇంటికెళ్లి చూసుకుందాం," అన్నాడు.

"మీరు వెళ్లండి. దీనికి ఆకలేసి నా దగ్గర తాగేదాకా నేనిక్కడే ఉంటాను."

"తర్వాత?"

"తర్వాత కూడా ఆ ఇంటికి రాము. పాపను చూసుకునే క్రెష్ ఆయా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందట, నిన్ననే అడిగి ఉంచాను."

ఆయన కారు తాళాలు ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. పాప ఏడుపు గుక్క తిప్పుకోవడానికి ఆగితే, ఆ సందులో చాలా కష్టం వచ్చినవాడిలా అడిగాడు. "మరి అమ్మకేం చెప్పను?"

"ఏమీ చెప్పకండి," అన్నాను. "చెప్పకుండా ఉండటం మీకు బాగా వచ్చు."