ఊరి ఉత్తరాల కుప్ప

పొద్దున్నే షట్టరు పైకి లేపగానే హన్నా చేసే మొదటి పని మానిటరు కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టడం. ఆ తర్వాతే కీబోర్డు మీద దుమ్ము తుడుస్తుంది, మోడెం ఆన్ చేస్తుంది. మోడెం కాసేపు కీచుమని గొంతు సవరించుకుని లైను దొరకబుచ్చుకుంటుంది. ఇక ఉత్తరాలు దిగడం మొదలు. ఏ ఉత్తరం ఏ ఊళ్ళో రాస్తే ఆ ఊరి గాలి దాంతోపాటే వస్తుంది. వైజాగ్ నుంచైతే ఉప్పగాలి. బొంబాయిలో వానలు పడేటప్పుడు రాసిన ఉత్తరమైతే అద్దం మీంచి నీళ్ళు కారి టబ్బులో పడతాయి. మధ్యాహ్నానికి టబ్బు నిండితే హన్నా ఆ నీళ్ళు తీసుకెళ్ళి షాపు ముందు చల్లుతుంది, దుమ్ము లేవకుండా.

రెండు వేల అయిదులో సంగతిది. తిరువూరులో చాలామందికి సొంత మెయిలు అడ్రసు ఉండేది కాదు. బస్టాండు ఎదురుగా దత్తాత్రేయులు గారి నెట్ సెంటరుకి ఉన్న ఒక్క అడ్రసే అందరిదీ. ఊరంతా దూరాన ఉన్న పిల్లలకీ చుట్టాలకీ అదే ఇచ్చుకున్నారు. పైన ఫలానా వారికి అని రాస్తే చాలు, హన్నా ప్రింటు తీసి చేతికిచ్చేది. కంప్యూటర్‌తో పాటు వచ్చిన మెయిలు ప్రోగ్రాంలో ఆ ఉత్తరాలన్నీ ఒకటే కుప్ప. కుప్ప తెరిస్తే ఊళ్ళ గాలులన్నీ కలిసి ఒక్కసారిగా బయటికొచ్చేవి. దత్తాత్రేయులు గారికి ఆ గాలంటే ప్రాణం. శివరాత్రి వెళ్ళి ఎండ మొదలవగానే కుర్చీ తెచ్చి మానిటరు ముందు వేసుకుని, చొక్కా గుండీలు విప్పి కూర్చునేవారు. ఊరికే కూర్చుంటే తోచదు కాబట్టి ఉత్తరాలు పైకి చదివేవారు. వినడానికి జనం కూడా బాగానే వచ్చేవారు.

ఆ కుప్పలోనే జయకర్ ఉత్తరాలు కూడా వచ్చేవి.

జయకర్ క్రిస్మస్ అయిపోగానే సిమ్లా వెళ్ళాడు. పెద్ద హోటల్లో ఉద్యోగం, వేసవికి వచ్చి పెళ్ళి మాట్లాడతానని హన్నాకి చెప్పి మరీ వెళ్ళాడు. అతని ఉత్తరం తెరిస్తే తెల్లటి మెత్తటి తునకలు తేలుతూ వచ్చేవి. "వచ్చిందయ్యా సిమ్లా మంచు!" అని దత్తాత్రేయులు గారు బట్టతల ముందుకి పెట్టేవారు. వైజాగ్ తేమ, బొంబాయి తడి తగిలి ఆ తెలుపు బల్లకి అతుక్కుపోయేది. హన్నా గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పిండబుద్ధి కాక అలాగే పట్టుకుని నిలబడేది. ఇంత దూరం నుంచి వచ్చిన మంచు కదా అని.

ఇంట్లో వాళ్ళమ్మ జోజమ్మ మాత్రం మంచుకి కరిగే మనిషి కాదు. "ఈస్టర్ లోపు వాడొచ్చి మీ నాన్న ముందు నిలబడాలి. నిలబడితే సరి. లేదంటే విస్సన్నపేట సంబంధం ఖాయం చేసేస్తాం," అంది. హన్నా రమ్మని రాసింది. సెలవు ఇవ్వట్లేదని జవాబొచ్చింది. మళ్ళీ రాసింది. ఆ జవాబు ఆమె కంటే ముందు దత్తాత్రేయులు గారి కంట పడింది.

"'హన్నా, నీ నవ్వు గుర్తొస్తే పని సాగట్లేదు' అంట! ఇక్కడా సాగట్లేదురా నాయనా!"

షాపు షాపంతా గొల్లున నవ్వింది. హన్నాకి చెవులు కాలిపోయాయి.

ఆ నవ్వుల్లో నవ్వని మనిషి ప్రేమావతి టీచర్ ఒక్కరే. "వైజాగ్‌లో ఉన్న మా అమ్మాయి కడుపుతో ఉన్న సంగతి నాకంటే ముందు సోడా బండి అతనికి తెలిసిందమ్మా," అంది బయటికొచ్చాక. మర్నాడు స్కూలుకొచ్చే కంప్యూటర్ పత్రికతో ఇచ్చిన సీడీ తెచ్చి హన్నా చేతిలో పెట్టింది. "ఇందులో వేరే మెయిలు ప్రోగ్రాములు ఉన్నాయంట. చూడు."

హన్నా ముందు మర్యాదగానే అడిగింది. "సార్, వేరే ప్రోగ్రాం పెడదామండి. ఎవరి ఉత్తరాలు వాళ్ళ అరలోకి వెళ్ళిపోతాయి."

"కంప్యూటర్‌తో వచ్చింది ఉండగా ఇంకోటెందుకు? బండితో వచ్చిన టైర్లు పీకి వేరేవి వేయించుకుంటామా?"

"అరిగిపోతే వేయించుకుంటాం కదండీ."

"నోరు బాగానే లేస్తోందే! కుప్ప విడదీస్తే గాలి చీలిపోద్ది అమ్మాయ్. జనం వచ్చేదే ఈ గాలికి. దాని మీద చెయ్యేశావా, రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆయన భోజనానికి వెళ్ళగానే హన్నా దాని మీద చెయ్యేసింది.

సీడీలో మూడు ప్రోగ్రాములున్నాయి. మొదటిది చూడ్డానికి సినిమా హాల్లా ఉంది గానీ అడుగున ప్రకటనలు ఆగకుండా తిరుగుతున్నాయి. తీసేసింది. రెండోది పాత ఉత్తరాలు వదిలేసి కొత్తగా మొదలెట్టమంది. ఊరి ఉత్తరాలు ఎలా వదిలేస్తుంది? అదీ తీసేసింది. మూడోది పెద్ద అందగత్తె కాదు. కానీ పాత కుప్ప మొత్తం తీసుకుంది, అరలు ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకోమంది, ఫలానా పేరుంటే ఫలానా అరలో వెయ్యి అంటే బుద్ధిగా వేసింది. నీలాంటి దాని కోసమే చూస్తున్నానే అంది హన్నా పైకే. పేర్లన్నీ టైపు కొట్టింది. గాలులు ఒక్కొక్కటే తోవ చూసుకుని ఎవరి అరలోకి అవి వెళ్ళిపోయాయి. షాపులో కాగితం కూడా కదలడం మానేసింది.

అప్పుడు జయకర్ అర తెరిచింది, మొట్టమొదటిసారి అతనొక్కడే.

తెల్లటి తునకలు తేలుతూ వచ్చాయి. హన్నా అరచెయ్యి చాపింది. ఒకటి వాలింది. కరుగుతుందని చూసింది. కరగలేదు. ఊదింది. ఎగిరి జడ మీద వాలింది. చల్లగా లేదు, తడిగా లేదు. కొత్త గోనెసంచుల వాసన వేస్తోంది. మరో తునక మధ్యలో నల్లటి గింజ పొట్టు ఉంది. పత్తి! చిన్నప్పుడు గంపలగూడెం చేలల్లో అమ్మ పక్కన నడుస్తూ ఏరింది ఈ పత్తే. ఈ చుట్టుపక్కల పత్తి మిల్లు ఉన్నది కూడా అక్కడే.

ఆమెకి ఏడుపొచ్చింది. అది దిగేలోపే నవ్వొచ్చింది. రెండూ అయ్యాక మిగిలింది కోపమే. అదే పనికొచ్చేలా కనబడింది.

దత్తాత్రేయులు గారు వచ్చి కుర్చీలో కూర్చుని గుండీలు విప్పారు. కాసేపు చూశారు. "గాలేదీ?"

"ఎవరిది వాళ్ళకి ఇచ్చేశానండి."

"పాతది పెట్టు."

"పెట్టను."

"పెట్టకపోతే ఇంటికి పో!"

అంతలో ప్రేమావతి టీచర్ వచ్చింది. హన్నా ఆమె అర తెరిచి పక్కకి జరిగింది. వైజాగ్ గాలి ఒక్కటే, కొంచెం ఉప్పగా, టీచర్ మొహానికి తగిలింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. దత్తాత్రేయులు గారు పక్కనే కూర్చున్నా ఆయన చొక్కా అంచు కూడా కదల్లేదు.

హన్నా చున్నీ సర్దుకుంది. "మీ పేరున కూడా అర పెట్టాను సార్. ఖాళీగా ఉంది. ఎవరికన్నా ఉత్తరం రాయండి. తిరిగి రాస్తారు."

ఆయనకి కోపం రావాలి. రాలేదు. తన పేరున్న ఆ అర వైపే చూస్తూ ఉండిపోయారు. హన్నా బయటికొచ్చి గంపలగూడెం వెళ్ళే షేర్ ఆటో ఎక్కేసింది.

గంపలగూడెం పత్తి మిల్లులో జయకర్ కాటా పక్కన నిలబడి పత్తి నింపిన బోరేల మీద నంబర్లు వేస్తున్నాడు. తల, కనుబొమలు, చొక్కా అన్నీ తెలుపు. ఆమెని చూసి కుంచె జారవిడిచాడు.

"హన్నా! నువ్వేంటి, ఇక్కడ?"

"సిమ్లా చూద్దామని వచ్చాను."

అతను నేల చూపులు చూశాడు. సిమ్లాలో ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటు బెజవాడ స్టేషన్లో టికెట్టు తెస్తానని వెళ్ళి మళ్ళీ కనబడలేదట. "మీ అమ్మకి పెద్ద ఉద్యోగం అని చెప్పి వెళ్ళాను. ఏ మొహం పెట్టుకుని రానూ? మిల్లు ఆఫీసులో కంప్యూటరుంది, అందులోంచే రాసేవాణ్ణి."

"ఇది ఉద్యోగం కాదా?"

"సీజను అయిపోతే ఇదీ ఉండదు."

"నాకూ లేదు. ఇందాకే పోయింది." ఆమె కింద పడ్డ కుంచె తీసి కాటా మీద పెట్టింది. "అబద్ధం ఎందుకు రాశావని తర్వాత అడుగుతాను. దానికి బోలెడంత జీవితం ఉంది. ఇప్పుడు పద."

"మీ అమ్మ ఒప్పుకోదు హన్నా."

"నాన్న ముందు నిలబడమంది. ఎక్కణ్ణుంచి వచ్చి నిలబడాలో చెప్పలేదు. నువ్వు నిలబడు. మాట్లాడేది నేను."

అతను మేస్త్రీకి చెప్పి వచ్చాడు. రోడ్డు మీద ఆటో ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఎక్కడికమ్మా? ఒక్కరేనా?" అన్నాడు.

హన్నా, మిల్లులో వాళ్ళందరికీ వినపడేంత గట్టిగా, "తిరువూరు. ఇద్దరం," అంది.