ఆఖరి వరస

నేను ఒక సూదినా, చువ్వనా అన్నది ఇప్పటికీ తేలలేదు. చింతపల్లి ఘాట్‌రోడ్డు మీద తిరిగిన సైకిలు చక్రంలో ఉండేదాన్ని. చక్రం వంకర పోయాక ఇంటాయన నన్నూ నా పక్కదాన్నీ ఊడదీసి, రాతి మీద మొనలు నూరి, భార్య నూకరత్నం చేతికిచ్చాడు. బిగింపు వదిలిందని సంబరపడ్డాను. ఆవిడ నా మీద అరవై ఊలు కుట్లు ఎక్కించింది. మనుషులు వాటిని కుట్లంటారు. నాకవి ఉచ్చులు. వరస పూర్తయితే నేను ఖాళీ అవుతాను, నా పక్కది నిండుతుంది. మరుక్షణమే మమ్మల్ని తిప్పి పట్టుకుంటారు. దీన్ని ముందుకు సాగడం అనుకుంటారు పాపం.

కూతురు హైమకు ఎనిమిదో ఏట నూకరత్నం అల్లిక నేర్పింది. వెనక కూర్చుని, పిల్ల చేతుల మీద తన చేతులు వేసి. ఏ చెమట ఎవరిదో నాకు తెలిసేది కాదు. కుట్లు ఎక్కించడం నేర్పింది, జారిన కుట్టును పట్టుకోవడం నేర్పింది. కుట్లు ఊడిపోకుండా సూదినుంచి దించి ముగించడం మాత్రం నేర్పలేదు. ఆఖరి వరస వచ్చేసరికి "పాలు పొంగిపోతన్నాయేమో చూడే" అని పంపేసి, తను ముగించేది. ఒక్కోసారి పొయ్యే వెలిగి ఉండేది కాదు.

ఇప్పుడు హైమకు పదహారు. నర్సీపట్నం హాస్టల్లో సీటొచ్చింది. సోమవారం చేరకపోతే పోతుంది.

"మఫ్లరు అవనీ, ఎల్దువుగాని. చలికి దగ్గొస్తాది."

"నర్సీపట్నంలో చలేటమ్మా? ఉడికి సచ్చిపోతారు."

"బస్సులో గాలేత్తాది. ఇంకో జానెడు అల్లు. ఆఖరి వరస నానేత్తాన్లే, నీకు రాదు."

వారం నుంచి ఆ జానెడు పెరుగుతూనే ఉంది. మఫ్లరు మంచం దిగి నేల మీద పాకుతోంది. అల్లినంతసేపూ నూకరత్నం పక్కనుంచి లేవదు. మధ్యమధ్య నా మొన పట్టుకుని చూస్తుంది. ఆ వేళ్లు చల్లగా ఉంటాయి.

ఆదివారం మధ్యాహ్నం హైమ పెట్టె అడుగునుంచి తను మొట్టమొదట అల్లిన, బొమ్మకు కప్పే చిన్న దుప్పటి తీసింది. తల్లి ముగించిన అంచును గోటితో విప్పింది, మళ్లీ వేసింది, మళ్లీ విప్పింది. ఒక కుట్టు పక్కదాని మీదుగా దూకి పడుకుంటుంది. ఇన్నేళ్ల రహస్యం ఇంతే.

తర్వాత మఫ్లరు అందుకుని నా మీదికి రెండు కుట్లు అల్లింది. మొదటిదాన్ని ఎత్తి, రెండోదాని మీదుగా దాటించి వదిలేసింది. ఆ పిల్ల చేతిలో ఒక ఉచ్చు నా పక్కదాని మీదికి పోకుండా నా మెడనుంచి జారడం అదే మొదలు.

గుమ్మంలో నూకరత్నం చేటతో నిలబడి ఉంది.

"ఎవరు నేర్పేరే?"

"నువ్వే," అంటూ హైమ దుప్పటి చూపించింది. మళ్లీ అల్లిక అందుకుంది. దారం బిగుసుకుని అంచు ముడుచుకుపోతోంది. ఇక హైమ ఆపేస్తుందనుకున్నాను.

నూకరత్నం చేట దించి వచ్చి కూర్చుంది. వెనక కాదు, ఎదురుగా. నన్ను ముట్టుకోలేదు.

"అంత బిగించకే," అంది. "ఆఖరి వరస వదులుగా ఎయ్యాల. నేకపోతే మెడ పట్టేత్తాది."

హైమ వేళ్లు సడలాయి. యాభై ఉచ్చులు, ముప్పై, పది. చివరిదొక్కటి మిగిలింది. హైమ దారాన్ని పంటితో తెంపి, కొసను అందులోంచి లాగి, నన్ను ఖాళీగా తల్లి ఒళ్లో పెట్టింది.